ముందు పార, పిమ్మట వించ్

ముందు బంపరుపై వించ్ బిగించిన జీపులు మన నగరవీథులలో ఈ మధ్య తరచుగా కనబడుచున్నవి. బురదలోనో ఇసుకలోనో దిగబడిన బండి, ఆ యంత్రము చుట్టుకొను తీగ బలముతో తన్ను తానే బయటికి లాగుకొనవలెనన్నది దాని ఉద్దేశము. జూబ్లీహిల్స్ రోడ్లపై దానికి పని కల్పింపగల బురద దొరకుట దుర్లభము గనుక, అది కొన్నేండ్లు ఆభరణప్రాయముగా మెరసి, నిజముగా అవసరము వచ్చిన నాడు తుప్పుపట్టి మొరాయించుటయు కద్దు. వేడుకకు కొనువారి ముచ్చటను నేను తప్పుపట్టను. నా ఆక్షేపణ వేరు. మన నేలకును చట్టమునకును తగినది ఆ బిగింపు యంత్రము కాదు. ఎత్తి తీసికొనిపోయి, బండికి ముందుననో వెనుకనో తగిలించి, చేతితోనే నడుపదగిన వించ్ మనకు కావలెను. అదియును విలాసవాహనములలో కాక, పల్లెలలోను మన్యములోను ఉండవలెను.

మొదట చట్టము మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను బండి నిర్మాణమును యజమాని తన యిచ్చవచ్చినట్లు మార్చుటకు అంగీకరింపదు. ముందు భాగమున బిగించు ఉక్కు బుల్‌బార్లు పాదచారులకును, బండిలోనివారికిని అపాయకరములని తలచి, వానిపై చర్య గైకొనుడని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములను కోరినది. బరువైన వించ్‌ను మోయుటకై బిగించు ఉక్కు బంపరులు సాధారణముగా ఈ జాతివే. చట్టమును ప్రక్కన పెట్టినను, ముందునకు పోయి దిగబడిన బండికి బయటపడు త్రోవ తరచుగా వెనుకనే యుండును. ముందరి వించ్ మాత్రము దానిని మరింత లోతునకే లాగగలదు. పైగా పన్నెండు వోల్టుల మోటారు పూర్తి భారమున సుమారు నాలుగువందల ఆంపియర్ల విద్యుత్తును మ్రింగును. అంతటి ప్రవాహము బ్యాటరీని త్వరలోనే నీరసింపజేయును. విద్యుత్తుతో నడచు వించ్‌లలోను తగిలించి తీసివేయదగినవి గలవు గాని, వానిని సన్నని వైర్లతో బ్యాటరీకి కలుపువారు నిప్పుతో చెలగాటమాడుచున్నారనియే నా అభిప్రాయము.

విద్యుత్ స్తంభములు నిలిపి తీగలు బిగించు కార్మికులను చూచినవారికి టిర్ఫర్ అను చేతివించ్ పరిచితమే. ఇది తీగను చుట్టుకొనదు. ఇనుప పెట్టెలో ఒకదాని వెనుక నొకటిగా రెండు జతల దవడలుండును. మీటను ముందుకు వెనుకకు ఊపుచుండగా, బావిలో నీరు చేదు మనుష్యుని రెండు చేతులును చేంతాటిని మార్చి మార్చి పట్టినట్లు, ఒక జత తీగను పట్టి లాగుచుండ రెండవది సడలి, ముందునకు సాగి, పట్టు అందుకొనును. తీగ పెట్టెలో ప్రవేశించి ఆవలివైపున వెడలిపోవునే గాని లోపల ప్రోగుపడదు గనుక దాని పొడవునకు మితి లేదు. చుట్టుడు వించ్‌లపై వ్రాసియుండు బలము మొదటి పొర చుట్టకు మాత్రమే చెల్లునదై, పొరపై పొర పడినకొలది క్షీణించుచుండును. అమ్మువారు ఈ సంగతిని కొనువారికి చెప్పుట అరుదు. టిర్ఫర్‌కు ఆ దోషము లేదు. మూడు టన్నులు లాగునట్టిది తీగ కాక ఇరువదియేడు కిలోలు తూగును. ఇద్దరు మనుష్యులు సుళువుగా మోయగలరు. మీట ఒక్క ఊపునకు బండి కదలునది కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. ఈ మందగమనమును లోపమనువారు కలరు గాని నాకది ప్రధానగుణముగనే తోచుచున్నది. ఏలయనగా బండ్లను లాగుటలో ప్రాణములు పోవునది సాధారణముగా తొందరవలననే.

మన పల్లెలలో జరుగునదేమి? బండి దిగబడినదనగానే ఒక ట్రాక్టరు వచ్చును, ఒక మోకు వచ్చును, పదిమంది చేరి హైలెస్సా యందురు. మోకును అందిన చోటనెల్ల కట్టుదురు. ట్రాక్టరుకు ఇరుసు కంటె ఎత్తున కట్టినచో దాని ముందు చక్రములు పైకి లేచి, అది వెనుకకు తిరుగబడి, నడుపువానినే క్రింద నలుపగలదు. ట్రెయిలరు తగిలించు గుండ్రని టో బాల్‌కు త్రాడు వేసి కుదుపుతో గుంజినప్పుడు, ఆ ఇనుపగుండు విరిగి ఫిరంగిగుండై దూసికొనివచ్చి మనుష్యులను చంపిన ఘటనలు ఆస్ట్రేలియాలో జరిగినవి. తెగిన ఉక్కుతీగయు అంతే. దానికి అడ్డముగా తడిగోనెయో బరువైన దుప్పటియో వేయుట, చూడవచ్చినవారిని తీగ పొడవునకు మించిన దూరమున నిలుపుట పిరికితనము కాదు.

ఇక లాగుటకు ముందు చేయవలసినది త్రవ్వుట. చక్రముల మట్టము వరకు దిగబడిన బండిని కదల్చుటకు ఇంచుమించు దాని బరువంత బలమును, మడ్గార్డుల మట్టము వరకైనచో అందుకు రెండింతలును కావలెనని అమెరికా సైన్యము వాహనోద్ధరణమునకు లెక్క కట్టియున్నది. రెండు టన్నుల జీపు నల్లరేగడిలో మడ్గార్డుల దాక కూరుకొనిపోయినదనుకొనుడు. నాలుగు టన్నుల బలము కావలెను. అదే చక్రముల యెదుటి మట్టిని పారతో ఏటవాలుగా తీసివేసినచో ఆ లెక్క ఎంతో దిగివచ్చును. అప్పటికిని చాలనిచో చెట్టునకొక కప్పీ కట్టి, తీగను దాని చుట్టు త్రిప్పి తెచ్చి బండికే తగిలింపవలెను. ఘర్షణ హరించునది పోగా లాగుబలము దాదాపు రెట్టింపగును, వేగము సగమగును. కాని ఆ రెట్టింపు భారమును మోయవలసినది ఆ చెట్టు. కావున దానిని నేలకు సమీపమున, వెడల్పయిన పట్టీతో కట్టవలెనే తప్ప ఉక్కుతీగను తిన్నగా చుట్టరాదు. బెరడు చుట్టును తెగిన చింతచెట్టు ఆ యేటనే కాకున్నను తరువాత నెండిపోవును. కరెంటు స్తంభమునకు కట్టువారిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. సూర్యలంక వంటి సముద్రతీరమున అందుబాటులో చెట్టే లేకపోవచ్చును; అప్పుడు ఇసుకలో లోతుగా గొయ్యి త్రవ్వి స్టెప్నీ చక్రమును పాతిపెట్టి, దానినే లంగరుగా వాడవచ్చును. ఇక్కడను మొదట పనికివచ్చినది పారయే.

వర్షాకాలమున పాడేరు, మారేడుమిల్లి ప్రాంతముల మట్టిదారులలో చిక్కుకొను బండి విహారయాత్రికులదే కానక్కరలేదు. ప్రసవవేదన పడు స్త్రీని తెచ్చుచున్న జీపో, అంబులెన్సో కావచ్చును. ట్రాక్టరు రాలేని ఆ వాలులలో చేతివించ్ ఒకటి, రెండు వెడల్పు పట్టీలు, ఒక కప్పీ, రెండు పారలు ఇరుకుదారుల మొదటనున్న ప్రతి ఆరోగ్యకేంద్రమునను ఉంచుట ప్రభుత్వమునకు భారమగునని నేననుకొనను. విద్యుత్ శాఖవారి లైన్‌మెన్‌ల చేత ఒక్క దినము నేర్పించినచో డ్రైవర్లు నేర్చుకొనగలరు. నేర్పునప్పుడు ముఖ్యముగా చెప్పవలసిన దొకటి గలదు. భారము మితిమీరినప్పుడు తీగ తెగక ముందే తాము తెగి పనిని ఆపునట్లు, టిర్ఫర్ మీట మొదట చిన్న పిన్నులు అమర్చియుందురు. అవి తెగినప్పుడు ఆగి, మరల త్రవ్వి, కప్పీ కట్టి, భారమును తగ్గించిన పిదపనే అదే రకపు క్రొత్త పిన్నులు వేయవలెను. వాని స్థానమున ఇనుపమేకు దిగగొట్టి పని కానిచ్చువారు అన్ని ఊళ్ళలోను ఉందురు గనుక, యంత్రముతో పాటు విడి పిన్నులను ధారాళముగా కొనిపెట్టుట అవసరము.