రాజీ కూడా పిల్లల ముందే

మా ఇంట్లో గొడవకు ముందు గిన్నెల చప్పుడు పెరిగేది. అమ్మ నోరు విప్పేది కాదు, గరిటె నుంచి బిందె దాకా అన్నీ ఆమె తరఫున మాట్లాడేవి. ఆ మోత వినగానే నేను గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నాన్న ముందు పెట్టేదాన్ని, ఆయన అడక్కపోయినా. అన్నయ్య సైకిలెక్కి వెళ్లిపోయి పొద్దుపోయాక వచ్చేవాడు. ఒకటే ఇల్లు, ఒకటే గొడవ. నాకు భయం, వాడికి కోపం. నేను బుద్ధిమంతురాలినయ్యాను, వాడు మొండివాడయ్యాడు. మా ఇద్దరి లోపలా ఏముందో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నాలుగో తరగతికి పాఠాలు చెబుతున్నాను. ఓ పిల్లాడికి సోమవారం వచ్చిందంటే కడుపునొప్పి. వాళ్లమ్మను పిలిపిస్తే, "వాడి ముందు మేం పోట్లాడుకోం టీచరుగారూ, అసలు మాటలే లేవు" అంది. ఆదివారమంతా వాడి పని కబుర్లు మోయడమేనట. "నాన్న అన్నం పెట్టమంటున్నారు." "టేబుల్ మీదుందని చెప్పు." తొమ్మిదేళ్లవాడు ఆ ఇంటికి పోస్టుమాన్!

మార్క్ కమింగ్స్, పాట్రిక్ డేవిస్ అనే మనస్తత్వవేత్తలు 1994లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. తప్పు అమ్మదా నాన్నదా అన్నదానికంటే, తన ఇల్లు నిలుస్తుందా అన్న బెంగే పిల్లలను ఎక్కువగా కుదిపేస్తుందని దాని సారం. ఆ బెంగతోనే ఒకరు మధ్యలో దూరతారు, ఒకరు తప్పుకుపోతారు, ఒకరు ఎదురుతిరుగుతారు. గొడవ సర్దుకుందని తెలిస్తే పిల్లల కలత తగ్గుతుందని కూడా కమింగ్స్ పరిశోధనల్లో తేలింది.

మనం చేసేది దీనికి తలకిందులు. గొడవ హాల్లో, రాజీ పిల్లలు నిద్రపోయాక. పొద్దున్నే మనం ఏమీ జరగనట్టు కాఫీ తాగుతుంటాం. పిల్లలు మాత్రం ఇంకా రాత్రి గొడవలోనే ఉంటారు.

చేయి చేసుకునే ఇళ్ల సంగతి వేరు. అక్కడ రాజీ మాటలు చాలవు, పిల్లలకు రక్షణ కావాలి. అందుకు 1098 హెల్ప్‌లైన్ ఉంది. మామూలు కీచులాటల ఇళ్లకు మాత్రం నాదొక్కటే మనవి. రాత్రి అరుచుకున్నారా? పొద్దున జడ వేస్తూనో, బూట్లు తొడుగుతూనో చెప్పండి: "నిన్న మేం గట్టిగా అరుచుకున్నాం. మళ్లీ మాట్లాడుకున్నాం. ఇందులో నీ తప్పేమీ లేదు."