జీపు ఎత్తు – దిమ్మల ఎంపిక

ఉత్తర అమెరికాలో జీపు ఔత్సాహికులు కొందరు పెద్ద చక్రములకు చోటు చేయుటకై, ఛాసిస్‌కును బాడీకిని నడుమ ఐస్ హాకీ బిళ్ళలను దిమ్మలుగా అమర్చుదురు. 3 అంగుళముల వ్యాసము, 1 అంగుళము మందము గల ఆ గట్టి రబ్బరు బిళ్ళ చవక, నీటికి చెడదు. కొయ్య దిమ్మ మాట తలపెట్టనే వలదు! అది తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారి, బిగింపు వదలును. ఈ పనికనియే పోతపోసిన పాలియురెథేన్ దిమ్మలే మేలని మా అభిప్రాయము.

అయితే అసలు ప్రమాదము బోల్టులోనున్నది. దిమ్మ ఎత్తు పెరిగినకొలదియు బోల్టుపై వంపు ఒత్తిడి హెచ్చును. దిమ్మకై పది అంగళ్ళు తిరుగు విద్యార్థి, బోల్టు తలపై 8.8 అంకె కలదో లేదో చూడడేల? నమోదు వివరములు మారునట్లు వాహనమును మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. కావున అభ్యాసమునకైన జీపు వర్కుషాపు ఆవరణ దాటకుండ కమిటీవారు చూడవలెను.