తొమ్మిది గంటల స్క్రీన్ టైమ్ అంటే అడిక్షనేనా?

మొన్న మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం వెళ్ళాను. అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న మా చిన్నాన్న కూతురు ఫోన్ చేతికిచ్చి, "అన్నా, ఛార్జింగ్ సాయంత్రం దాకా కూడా రావట్లేదు, చూడు" అంది. డిజిటల్ వెల్‌బీయింగ్ ఓపెన్ చేస్తే 9 గంటలు. (రివ్యూలో అయితే దీన్నే సూపర్ బ్యాటరీ బ్యాకప్ అని రాసేవాణ్ణి!)

క్లాస్ పీకుదామనుకుని యాప్‌లవారీగా చూశాను. ఎక్కువ భాగం పీజీ ఎంట్రన్స్ వీడియోలే. రీల్స్ గంట కూడా లేదు. కాకపోతే ఆ గంట లైట్ ఆర్పి పడుకున్నాక. పొద్దున్నే తలనొప్పి, క్లాసులో కునికిపాట్లు.

కింబర్లీ యంగ్ 1998లో తయారు చేసిన ఇంటర్నెట్ అడిక్షన్ టెస్ట్‌నే ఇప్పటికీ చాలా స్టడీల్లో వాడతారు. అందులో ప్రశ్నలు 20, ఒక్కోదానికి 5 మార్కుల దాకా. రోజుకి ఎన్ని గంటలని ఒక్క ప్రశ్నా అడగదు. అనుకున్న దానికంటే ఎక్కువసేపు ఉండిపోతున్నావా, నిద్ర పోగొట్టుకుంటున్నావా, ఎంతసేపు చూశావో దాస్తున్నావా అని అడుగుతుంది. మూడోదానికి మా చెల్లి నవ్వేసింది.

2018లో ఆండ్రాయిడ్ 9తో ఈ ఫీచర్ వచ్చినప్పటి నుంచీ మనం మొత్తం గంటలే చూస్తున్నాం. పుస్తకం, టీవీ రెండూ ఒకే ఫోన్‌లో ఉన్న మెడికోకి ఆ లెక్క దేనికి? రాత్రి 11 తర్వాత ఏం నడిచిందో చెప్పాలి.

తనకి బెడ్‌టైమ్ మోడ్ పెట్టి వచ్చాను. మూడో రోజే తీసేసిందట, క్షణం పని. ఇకపై నా రివ్యూల్లో అది తీసేయడం ఎంత తేలికో కూడా రాస్తాను.