హాజరు పట్టీలో కనపడని రోజులు

బాన్సువాడ ఇళ్ళల్లో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ‘డిటెయిన్’ అయిందంటే, ఆ వెంటనే వచ్చేది పెళ్ళి మాటే. అందుకే ఈ నిబంధనలు మనకూ తెలిసుండాలి.

జె.ఎన్.టి.యు. హైదరాబాద్ 2018 నిబంధనల్లో రెండో ఏడాదికి వెళ్ళాలంటే మొదటి ఏడాది క్రెడిట్లలో సగం, ఆపై ఏళ్ళకు అప్పటిదాకా ఉన్నవాటిలో 60 శాతం రావాలి. తప్పినవి సప్లిమెంటరీలో రాసుకోవచ్చు గనుక దీనితో మాకు పెద్ద పేచీ లేదు. పేచీ హాజరు దగ్గరే. 75 శాతం ఉండాలి. 65కు తగ్గకపోతే వైద్య కారణం చూపి, రుసుము కట్టి మినహాయింపు అడగొచ్చు. 65 దిగితే ఏ కారణమూ చెల్లదు. ఆ సెమిస్టర్ మళ్ళీ మొదలయ్యేదాకా ఆగాలి, అంటే ఏడాది పోయినట్టే.

కాగితం మీద ఇందులో ఆడామగా తేడా లేదు. కానీ ఇంట్లో ఎవరైనా మంచాన పడితే క్లాసు మానేది కొడుకా, కూతురా? జబ్బు పడ్డవాళ్ళకు డాక్టరు సర్టిఫికెట్ ఇస్తాడు. సేవ చేసిన పిల్లకు ఎవరిస్తారు?

విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు కల్పించమని యు.జి.సి. 2021 డిసెంబరులోనే విశ్వవిద్యాలయాలకు రాసింది. 2023 జనవరిలో కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం నెలసరి కారణంగా 2 శాతం సడలించింది. ఆ నెలలోనే కేరళ ప్రభుత్వం తన విశ్వవిద్యాలయాలన్నిటా విద్యార్థినులకు 73 శాతం చాలంది. సెమిస్టరుకు రెండు రోజులు, అంతే! అయినా విద్యార్థి సంఘం అడిగితేనే వచ్చింది.

ఇక్కడ మనం అడగాల్సింది ఇంటి బాధ్యతల రోజుల గురించి కూడా. ఈలోగా, హాజరు లెక్కలు నోటీసుబోర్డుకు ఎక్కగానే 65 దరిదాపుల్లో ఉన్న అమ్మాయిల్ని కలుసుకుందాం. డిటెయిన్ జాబితా వచ్చాక చేయగలిగింది తక్కువ.