పంటకు విరామం ప్రకటించిన సీమ, ఆడంబరానికి ప్రకటించలేదా?

గోదావరి జిల్లాల రైతు కుటుంబాలకు, కౌలుదారులకు, చెరువుల మీద బతుకుతున్నవారికి, డ్వాక్రా అక్కచెల్లెళ్లకు, నెలజీతం మీద ఇల్లు నడుపుకుంటున్నవారికి విన్నపం.

2011 సార్వాలో కోనసీమ రైతులు దమ్ము చేయలేదు, నారు పోయలేదు. పెట్టుబడి చూస్తే ఆకాశంలో ఉంది. క్వింటాలుకు 1,080 రూపాయల మద్దతు ధర ఏ మూలకూ చాలదు. మురుగు కాలవలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి, పాత ధాన్యం కొనే నాథుడు లేడు. నష్టానికి పండించి అప్పు పెంచుకోవడం దేనికని ఊరూరా కూర్చుని తీర్మానాలు చేసి పంట విరామం ప్రకటించారు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, ముమ్మిడివరం చుట్టుపక్కల లక్ష ఎకరాల దాకా సాగు ఆగిపోయింది. కారణాలు తేల్చడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయాల్సి వచ్చింది. కాలవలో నీళ్లుండగా పొలం వదిలేయడం ఎంత కష్టమో డెల్టాలో పుట్టినవారికి వేరే చెప్పనక్కర్లేదు. 2022లో కోనసీమలో మళ్లీ అదే మాట వినిపించింది.

ఆ పని ఒక్క రైతే చేసి ఉంటే ‘పాపం చితికిపోయాడు, ఊడ్పులకు కూడా డబ్బు పుట్టలేదు’ అని చెప్పుకునేవారు. ఊరంతా కలిసి చేశారు కాబట్టి ఎవరికీ తలవంపులు కాలేదు. మేం ఇప్పుడు అడుగుతున్నదీ అలాంటి కట్టుబాటే. అప్పులో ఉన్న ఇల్లు ఖర్చు తగ్గించుకోకుండా ఒడ్డెక్కదు. కానీ ఒంటరిగా తగ్గిస్తే నలుగురూ నాలుగు మాటలంటారు. ఆ మాటలకు భయపడే మనం కొత్త ప్రామిసరీ నోట్లు రాస్తున్నాం. అందుకని ఊరంతా కలిసి మూడేళ్లు, అంటే ఆరు పంటలు, ఆడంబరానికి విరామం ప్రకటిద్దాం.

అప్పులన్నీ దుబారా వల్లే వచ్చాయనే వాళ్లతో మేం ఏకీభవించం. కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నట్టు తేలింది. సగటు బాకీ 2,45,554 రూపాయలు. ఆ సర్వేలో ఇంత పెద్ద సగటు మరే రాష్ట్రంలోనూ లేదు. దేశం మొత్తానికి చూస్తే ఆ సగటు 74,121 రూపాయలే. ఇన్ని లక్షల ఇళ్లు ఒక్కసారిగా దుబారా నేర్చుకోలేదు కదా. కౌలు చెల్లించాక చేతిలో గింజ మిగలని రైతులున్నారు. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చి రోజుల వ్యవధిలో చెరువు ఖాళీ అయినవారున్నారు. కువైట్, మస్కట్ వెళ్లడానికి ఏజెంటుకు కట్టిన డబ్బు అక్కడి జీతంతో తీర్చలేక అవస్థపడుతున్న తల్లులున్నారు. ఆసుపత్రి బిల్లు ఎవరూ సరదాకు కట్టరు. ఈ కష్టాలకు ప్రభుత్వం జవాబు చెప్పాలి, చెప్పేదాకా అడగాలి. ఆ జవాబు వచ్చేలోగా వడ్డీ ఆగదు గనుక మన చేతిలో ఉన్న పని మనం చేయాలి.

వడ్డీ లెక్క ఒకసారి కాగితం మీద వేయండి. ‘రెండు రూపాయల వడ్డీయేగా’ అని తేలిగ్గా అంటాం. అంటే ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. ఐదు లక్షలు తెచ్చి మూడేళ్లు వడ్డీ కట్టలేకపోతే 3,60,000 పెరుగుతుంది. నోటు కాలదోషం పట్టకుండా తిరగరాస్తారు. అప్పుడు వడ్డీ కూడా అసలులో కలిసి 8,60,000కి కొత్త నోటు పుడుతుంది. మరో మూడేళ్లు అలాగే గడిస్తే 14,79,200. చేతికి వచ్చింది ఐదు లక్షలు, ఆరేళ్లకు బాకీ దాదాపు పదిహేను లక్షలు. ఐదు రూపాయల వడ్డీ, రోజువారీ వసూళ్లు, వారం వడ్డీలు అయితే ఇంత కాలం కూడా పట్టదు. క్రెడిట్ కార్డు మీద ‘మినిమమ్’ కట్టి ఊరుకునే ఉద్యోగి కూడా నెలకు మూడున్నర రూపాయల దాకా వడ్డీ కడుతున్నాడు. రాజమండ్రిలో ఏసీ గదిలో కూర్చుని కట్టినా, రామచంద్రపురంలో అరుగు మీద కూర్చుని కట్టినా వడ్డీ వడ్డీయే.

మన ఇళ్లలో ఒక పుస్తకం ఉంటుంది, ఒకటి ఉండదు. ఏ శుభకార్యంలోనైనా పందిరి గుమ్మం దగ్గర బల్ల వేసుకుని, లెక్క తెలిసిన బంధువు ఒకరు కూర్చుంటారు. ఎర్ర అట్ట పుస్తకంలో ఇంటిపేరు, ఊరు, చదివించిన మొత్తం వరసగా రాస్తారు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పుస్తకం బీరువాలోంచి తీసి, ఫలానావారు మనకు 516 చదివించారు, ఇప్పుడు మనం ఎంత చదివించాలని ఆలోచిస్తాం. పైసా పొల్లుపోదు. అదే ఇంట్లో ఎవరికి ఎంత బాకీ, ఎన్ని రూపాయల వడ్డీ, నోటు ఏ తేదీది, తాకట్టులో ఏముంది అన్నది ఎక్కడా రాసి ఉండదు. ఇంటాయనకు సగం తెలుసు. ఇల్లాలికి తన డ్వాక్రా బాకీ, గాజుల తాకట్టు మాత్రమే తెలుసు. హైదరాబాదులో ఉన్న కొడుక్కి ఏమీ తెలియదు. అతని ఫోన్లో ఉన్న అప్పులు వీళ్లకు తెలియవు.

కాబట్టి మొదటి పని అప్పుల పుస్తకం తెరవడం. ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చోండి. చేబదులు తెచ్చిన రెండువేలతో సహా, పాడేసుకున్న చీటీకి కట్టాల్సిన వాయిదాలతో సహా అన్నీ రాయండి. ఆ రోజు ఇంట్లో గొడవ జరుగుతుంది. జరగనివ్వండి. ఎవరి వల్ల వచ్చిందన్న విచారణ మాత్రం పెట్టుకోకండి. అది పెట్టుకుంటే మర్నాటి నుంచి మళ్లీ అందరూ దాచడం మొదలుపెడతారు.

రాసిన తర్వాత వడ్డీ ఎక్కువున్నదాన్ని పైన పెట్టండి. మనం సాధారణంగా ఎవరు గట్టిగా అడిగితే వారికి ముందు కడతాం. దానివల్ల నోరున్నవారి బాకీ తీరుతుంది, వడ్డీ ఎక్కువున్న బాకీ పెరుగుతుంది. ఐదు రూపాయలది ముందు, మూడు రూపాయలది తర్వాత, రెండు రూపాయలది ఆ తర్వాత. ఇంట్లో వాడకుండా ఉన్న బంగారం బ్యాంకులో పెడితే రూపాయి వడ్డీ లోపే అప్పు పుడుతుంది. దానితో మూడు రూపాయల నోటు చింపేయవచ్చు. ఇప్పటికే తాకట్టులో ఉండి వడ్డీ పేరుకుపోతున్న బంగారంలో కొంత అమ్మి మిగతాది విడిపించుకోండి. వేలం జరిగాక ఆ అవకాశం ఉండదు. పొలం సంగతీ అంతే. పది సెంట్లో ఇరవై సెంట్లో మన ఇష్టప్రకారం మంచి ధరకు అమ్ముకోవడం వేరు, నోటు మీద దావా పడ్డాక ఎకరం వదులుకోవడం వేరు. తాతల నాటి భూమి అమ్మకూడదన్న పట్టుదలతో వడ్డీలకే దాన్ని ధారపోసిన ఇళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి.

వ్యవసాయం చేసేవారికి నెలవారీ బడ్జెట్ నప్పదు. డబ్బు సార్వాకొకసారి, దాళ్వాకొకసారి వస్తుంది. చెరువుల వాళ్లకు పట్టుబడి రోజున వస్తుంది. ధాన్యం డబ్బు ఖాతాలో పడగానే మనలో చాలామంది ఉన్నదంతా అప్పిచ్చినవారికి కట్టేసి గుండెల మీద చేయి వేసుకుంటారు. పదిహేను రోజులు తిరగకుండా విత్తనాలకు, దమ్ముకు, ఎరువులకు మళ్లీ అదే గుమ్మం ఎక్కుతారు. ఈసారి వడ్డీ అర్ధరూపాయి ఎక్కువ. అప్పు తీర్చీ తీర్చీ తీరకపోవడానికి అసలు కారణం ఇక్కడుంది. ధాన్యం డబ్బులోంచి ముందు పై పంట పెట్టుబడి పక్కన పెట్టండి. తర్వాత ఆరు నెలల ఇంటి ఖర్చు లెక్కగట్టి నెలకింతని విడదీయండి. జూన్‌లో పిల్లల ఫీజులకు తీయండి. తిండిగింజలు ఎలాగూ ఇంట్లోనే ఉంటాయి. మిగిలింది మొత్తం అప్పుకు. ఇలా చేస్తే మొదటి పంటకు అప్పిచ్చినవారికి తక్కువ అందుతుంది, కోపం వస్తుంది. కానీ మీరు కొత్త నోటు రాయరు. కొత్త నోటు రాయని మొదటి పంట నుంచే పాత బాకీ నిజంగా తగ్గడం మొదలవుతుంది.

అప్పిచ్చినాయన మన ఇంటికి రాకముందే మనం ఆయన దగ్గరికి వెళ్లాలి. ఫోన్ ఎత్తకపోవడం, సందు మార్చి తిరగడం, చివరికి ఐపీ (దివాలా పిటిషన్) పెట్టడం దారి కాదు. అప్పుల పుస్తకం చూపించి, వడ్డీ ఆపమని, అసలు ఆరు పంటల్లో కడతామని పెద్దమనుషుల ముందు అడగండి. అందరూ ఒప్పుకోరు. అయినా రేపు ఐపీ పెడతాడేమో అన్న భయం ఆయనకూ ఉంటుంది కనుక కొందరు తప్పక ఒప్పుకుంటారు. కట్టిన ప్రతి పైసాకూ నోటు వెనక తేదీ వేయించి చెల్లు రాయించుకోండి. బాకీ తీరిన రోజున నోటు చేతికి తీసుకోకుండా కదలకండి. ఖాళీ నోటు మీదగానీ ఖాళీ చెక్కు మీదగానీ దేవుడడిగినా సంతకం పెట్టకండి. వడ్డీలకు ఇచ్చే పెద్దలకు కూడా ఒక మాట. మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1938లో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు తెచ్చిన అప్పు మీద రైతు అసలుకు రెట్టింపు చెల్లించి ఉంటే బాకీ పూర్తిగా తీరినట్టేనంది. ఆ చట్టం ఆనాటి అప్పులకే వర్తించవచ్చు. అందులోని న్యాయం ఈనాటిక్కూడా న్యాయమే. రెట్టింపు పుచ్చుకున్న తర్వాత నోటు తిరిగి ఇచ్చేయండి.

భూయజమానులకూ ఒక విన్నపం. 2019 సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు సాగు కార్డు రావాలంటే మీ సంతకం కావాలి. ఆ ఒప్పందం పదకొండు నెలలకే, మీ హక్కుకు ఏ ఢోకా లేదు. ఆ ఒక్క సంతకం లేకే బ్యాంకులో సకాలంలో కడితే నాలుగు శాతానికి పడే పంట రుణం వదులుకుని కౌలు రైతు మూడు రూపాయల వడ్డీకి పోతున్నాడు.

ఫోన్లో అప్పులిచ్చే యాప్‌ల జోలికి పోవద్దని మీ ఇంట్లో కుర్రవాళ్లకు గట్టిగా చెప్పండి. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఆ యాప్‌ల వేధింపులు భరించలేక భార్యాభర్తలిద్దరూ ప్రాణాలు తీసుకున్నారు. వారి చిన్నపిల్లలు మిగిలారు. ఫొటోలు మార్చి బంధువులకు పంపుతామని ఎవరైనా బెదిరిస్తే నేరం చేసింది వాళ్లు, మీరు కాదు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. బ్యాంకుల, ఫైనాన్సు కంపెనీల వసూలు మనుషులు ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. కోర్టు వ్యవహారాలకు ఉచిత న్యాయసేవ 15100లో దొరుకుతుంది, లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. మనసు మరీ కుంగిపోతే 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఏ అప్పూ మనిషి ప్రాణానికి సమానం కాదు.

ఇక ఊరు చేయాల్సిన పని. ఓణీల ఫంక్షన్‌కు ఊరంతా ఫ్లెక్సీలు కట్టి వెయ్యిమందికి భోజనాలు పెట్టడం ఎప్పటి ఆచారం? కొత్త అల్లుడికి సంక్రాంతికి వందల రకాలు వడ్డించి ఫొటోలు తీయడం మన అమ్మమ్మలు ఎరుగుదురా? మర్యాద మన సొత్తే, కాదనం. వచ్చినవారికి కడుపునిండా పెట్టడమే మర్యాద. విస్తట్లో ముప్పై రకాలు వదిలేయించడం మర్యాద కాదు. కట్నం చట్టరీత్యా 1961 నుంచి నేరం. అయినా ఆడపిల్ల తండ్రి రాసే అతి పెద్ద నోటు ఇప్పటికీ దానికోసమే. కోడిపందేల బరిలో, గుండాటలో సంక్రాంతి మూడు రోజుల్లో పోయే డబ్బుకు ఏ ఇంట్లోనూ లెక్క చెప్పేవారుండరు.

పెళ్లి సంబంధాల్లో, పేరంటాల్లో పాతుకుపోయిన అలవాట్లను మార్చవచ్చని ఈ గడ్డకు తెలియనిది కాదు. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారు. దానితో పోలిస్తే మేం అడిగేది చాలా చిన్నది.

సంక్రాంతికి ముందు, మాఘమాసం ముహూర్తాలకు ముందు, డ్వాక్రా గ్రూపు మీటింగులో, సహకార సంఘం దగ్గర, రామాలయం అరుగు మీద ఊరివారంతా కూర్చుని రాసుకోండి. మూడేళ్లపాటు ఓణీలు, పుట్టినరోజులు ఇంటి మట్టుకే. పెళ్లికి ఒక్కపూట భోజనం, అదీ ఇన్ని రకాలకు మించకూడదని ఊరే నిర్ణయించాలి. చదివింపులకు పరిమితి ఉండాలి. ఫ్లెక్సీలు లేవు, బరులు లేవు. ఈ కార్యాల కోసం ఊళ్లో ఎవరూ వడ్డీకి ఇవ్వరు, ఎవరూ తీసుకోరు.

తీర్మానం కింద మొదటి సంతకం అప్పులున్నవారి చేత పెట్టించకండి. వారు పెడితే లేక పెట్టారంటారు. సర్పంచి, సంఘం అధ్యక్షుడు, మిల్లు యజమాని, పెద్ద రైతు, అమెరికాలో పిల్లలున్నవారు ముందు పెట్టాలి. వారింట్లో పెళ్లి పందిరి ఏ కొలతలో పడితే ఆ ఏడాది ఊళ్లో మిగతా పందిళ్లూ అదే కొలతలో పడతాయి. అందుకని ఈ కాగితం పట్టుకుని ముందు వారి గుమ్మానికే వెళ్లండి.