పరువు భయానికి రెండు రేట్లు

నాయుడుపేటలో తెల్లారుజామున ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు కోసం నిలబడే అమ్మాయిని ఒకర్ని ఊహించుకోండి. ఎవడో ఆమె ఫొటో దగ్గర పెట్టుకుని, "పదివేలివ్వు, లేకుంటే మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెడతా" అన్నాడు. ఇచ్చింది. ఇది ఎక్స్‌టార్షన్. 1860 నాటి ఐపీసీ 383వ సెక్షన్ కింద ఇచ్చిన మొదటి ఉదాహరణే ఇలాంటిది: పరువు తీసే రాత అచ్చేస్తానని బెదిరించి డబ్బు గుంజడం.

అదే ఫొటో, అదే బెదిరింపు. ఈసారి అడిగింది డబ్బు కాదు, ఆమెని. "సరే" అంది. రేపేనా?

375వ సెక్షన్ మూడో క్లాజు చదవండి. ఆమెకి గానీ, ఆమెకి కావలసినవాళ్లకి గానీ చావు భయమో దెబ్బల భయమో పెట్టి రాబట్టిన సమ్మతి చెల్లదంటుంది. పరువు ఊసు లేదు, ఉద్యోగం ఊసు లేదు. రోజూ కోడ్ రాసేవాణ్ణి, ఇఫ్ కండిషన్లో రెండు కేసులే రాసి మిగతావి వదిలేస్తే నా కోడ్ రివ్యూ దాటదు. ఇది నూట అరవై ఏళ్లకి పైగా ప్రొడక్షన్లో ఉంది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చి సెక్షన్ నంబరు 63 అయింది, భయాల లిస్టు మాత్రం అదే.

కాగితం మీది గొడవ కాదిది. మధుర కేసులో 1978లో సుప్రీంకోర్టు ఈ క్లాజునే పట్టుకుంది. లెక్కలోకొచ్చేది చావు భయం, దెబ్బల భయమే, వాటికి రుజువు లేదు అని ఇద్దరు పోలీసుల్ని వదిలేసింది. రాత్రిపూట, తలుపులేసిన పోలీస్ స్టేషన్ అనేది భయం కిందికి రాలేదు. అదే ఏడాది హైదరాబాదు నల్లకుంట స్టేషన్లో రమీజాబీ. ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పంది. కేసు కర్ణాటకకి మారింది, కోర్టు వాళ్లని వదిలేసింది.

"2013 సవరణలో సమ్మతి అంటే స్వచ్ఛందమైన, స్పష్టమైన అంగీకారమని రాశారు కదా" అంటారు లా చదివిన మిత్రులు. రాశారు. మంచి జడ్జి దొరికితే అది చాలు కూడా. కానీ మూడో క్లాజు పక్కనే ఉన్నంతకాలం డిఫెన్సు లాయరు ప్రశ్న రెడీగా ఉంటుంది: "చంపుతానన్నాడా? కొడతానన్నాడా? మరి దేనికమ్మా భయం?"

పై అధికారి తన అధికారం వాడి లొంగదీసుకుంటే 68వ సెక్షన్ ఉంది. అది 'రేప్ కిందికి రాని' సంభోగమని అందులోనే రాసిపెట్టారు. శిక్ష 5 నుంచి 10 ఏళ్లు. రేప్‌కైతే కనీసమే 10.

ఉరి తియ్యాలని క్యాండిళ్లు పట్టుకుని తిరుగుతాం గానీ ఈ క్లాజు ఎవడూ చదవడు. నేనడిగేది ఒక్కటే: చావు, దెబ్బ అన్నచోట 'ఏ హాని అయినా' అని మార్చండి. ఎక్స్‌టార్షన్ సెక్షన్లో ఉన్న మాటే అది. హాని అంటే శరీరానికి, మనసుకి, పరువుకి, ఆస్తికి అక్రమంగా చేసేదేదైనా అని అదే సంహిత రెండో సెక్షన్లో నిర్వచనం కూడా ఉంది.