బీమా లేని బండి, బీమా ఉన్నవాని జేబు

భిలాయి ఉక్కు కర్మాగారంలో షిఫ్టు మారే వేళ గేట్ల వెలుపల స్కూటర్లు, మోటారు సైకిళ్ళు ఏరులా సాగుతాయి. వాటిలో ఎన్నింటికి బీమా గడువు తీరిపోయిందో పైకి చూచి చెప్పలేము. మూడవ పక్షపు బీమా మన దేశంలో 1946 నుండి తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశంపై 2018 సెప్టెంబరు నుండి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేండ్ల బీమా ఒకేసారి తీసుకొనవలసి ఉంది. ఆ ఐదేండ్లు గడిచిన పిదప పత్రం సంగతి మరచిపోవడం ఎంత సులభం!

అటువంటి బండి మీ కారును గుద్దినదనుకొందాం. ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. తీర్పు మీకు అనుకూలంగా వచ్చినా, సొమ్ము రాబట్టుకొనవలసినది ఆ యజమాని వద్దనే. అతని వెనుక బీమా కంపెనీ ఏదీ లేదు. కనుక మీ పాలసీనే ఆశ్రయిస్తారు. ఐదేండ్లు క్లెయిము లేకుండా సంపాదించుకొన్న 50 శాతం బోనసు అంతటితో పోతుంది. తప్పెవరిదన్న విచారణ బోనసుకు లేదు.

సొంత నష్టపు ప్రీమియం 8,000 రూపాయలనుకొనండి. బోనసుతో మీరు కడుతున్నది 4,000. రేటు మారకున్నచో, క్లెయిము తరువాత వరుసగా 8,000, 6,400, 6,000, 5,200, 4,400 కట్టి, ఆరవ ఏట గాని పూర్వస్థితికి రారు. అదనపు భారం 10,000 రూపాయలు. మరమ్మతు ఖర్చు అంతకు లోపైతే చేతి డబ్బు పెట్టుకొనడమే మేలు. నిర్దోషికి దక్కే మేలు ఇది!

బీమా లేక తొలిసారి పట్టుబడినవానికి జరిమానా 2,000 రూపాయలు. మూడు నెలల వరకు జైలు కూడా విధించవచ్చు. ఇక అదనపు ప్రీమియంపై బోనసు రక్షణ అమ్మే కంపెనీలున్నాయి. అదీ మీ జేబు నుండే.